తేలికపాటి హెలికాప్టర్: రెండు బ్లేడ్లతో వచ్చిన చిక్కు

1946లో పౌర వినియోగానికి అనుమతి పొందిన బెల్ 47 హెలికాప్టర్‌కు ఉన్నవి రెండే బ్లేడ్లు. తక్కెడ కాడలా అవి మాస్ట్ (వాటిని తిప్పే నిలువు ఇరుసు) మీద ఊగుతాయి. బ్లేడ్ల ఊగిసలాటను అణిచే విడివిడి డ్యాంపర్ల బాదరబందీ లేదు, నేల మీదే కంపించి ముక్కలయ్యే గ్రౌండ్ రెజొనెన్స్ బెడదా లేదు. 1975లో తొలిసారి ఎగిరి 1979లో అనుమతి పొందిన రాబిన్సన్ ఆర్22 కూడా ఈ ఊగే రోటర్‌నే (తిరిగే బ్లేడ్ల అమరికనే) నమ్ముకుంది. నిండు బరువు 622 కిలోలే. చవక కాబట్టి శిక్షణ సంస్థలకు నచ్చింది.

తేలికైన బ్లేడ్లు తిరుగుతూ దాచుకునే శక్తి మాత్రం తక్కువ. ఇంజిన్ ఆగితే కలెక్టివ్ (బ్లేడ్లన్నిటి కోణాన్ని ఒకేసారి మార్చే మీట) దించడానికి దొరికేది ఒకటి రెండు సెకన్లే. రోటర్ వేగం 97 శాతానికి పడగానే హారన్ మోగుతుంది. 80 శాతం దరిదాపుల్లో బ్లేడ్లు స్టాల్ అవుతాయి, అంటే పైకెత్తే శక్తిని కోల్పోతాయి, ఇక కోలుకోవు. కిందికి జారుతున్నామని కంగారుపడి కలెక్టివ్ పైకి లాగి రోటర్ వేగాన్ని ఇంకా తగ్గించడమే ఇక్కడ ప్రాణాంతకమైన తప్పు.

రెండో ప్రమాదం ఇంతకన్నా మోసకారి. పైకి లేస్తూ సైక్లిక్‌ను (రోటర్‌ను కావలసిన వైపు వాల్చే కర్రను) ఒక్కసారిగా ముందుకు నెడితే రోటర్ మీద భారం పోతుంది. తోక మీది చిన్న రోటర్ (టెయిల్ రోటర్) తోపుడుకు హెలికాప్టర్ కుడికి దొర్లుతుంది. పైలట్ సహజంగానే ఎడమకు లాగుతాడు. భారం లేని రోటర్ వాలుతుంది గానీ బాడీ దాని వెంట రాదు. బ్లేడ్లను కలిపే హబ్ వెళ్లి మాస్ట్‌ను కొట్టి విరిచేస్తుంది. ముందు సైక్లిక్‌ను మెల్లగా వెనక్కి తెచ్చి రోటర్ మీద భారం పడనివ్వాలి, ఆ తర్వాతే ఎడమకు.

1995లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ ప్రత్యేక నిబంధన తెచ్చింది: హెలికాప్టర్ లైసెన్సు లేనివారు ఆర్22లో ఒంటరిగా ఎగరాలంటే ముందు అందులోనే శిక్షకుడితో 20 గంటలు ఎగరాలి. రోటర్ వేగం పడకుండా ఇంజిన్ థ్రాటిల్‌ను తానే సర్దే గవర్నర్ పరికరం కూడా తప్పనిసరైంది. మంచి పనులే. కానీ ఇవి రోటర్ స్వభావాన్ని మార్చలేదు.

ఇంధనం కథ మరీ అన్యాయం. కూలినా ట్యాంకు పగలకూడదన్న 1994 నిబంధన కొత్త డిజైన్లకే వర్తించింది. అంతకుముందే అనుమతి పొందినవి పాత ట్యాంకులతోనే తయారవుతూ వచ్చాయి. కూలిన దెబ్బకు బతికి మంటల్లో పోయినవారున్నారు. కొత్తగా తయారయ్యే ప్రతి హెలికాప్టర్‌కూ ఆ రక్షణ ఉండాలన్న అమెరికా చట్టం 2020లో గానీ అమల్లోకి రాలేదు.

బ్రూనో గింబాల్ రూపొందించిన, 2007లో అనుమతి పొందిన ఫ్రెంచ్ హెలికాప్టర్ కాబ్రీ జీ2 డిజైన్‌నే మార్చింది: మూడు బ్లేడ్లు, కవచంలో తిరిగే టెయిల్ ఫ్యాన్, దెబ్బను మింగే సీట్లు, పగలని ట్యాంకు. నిండు బరువు 700 కిలోలు. సీట్లు మాత్రం ఆర్22లోలాగే రెండే.