ఇంట్లో స్విచ్చు, ఎక్కడో సర్వరు

2022 ఏప్రిల్‌లో, ఫోన్‌తోనూ మాటతోనూ నడిచే లైట్లు, స్విచ్చులు అమ్మిన ఇన్‌స్టియాన్ కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. యాప్ పనిచేయలేదు, అలెక్సాకు చెప్పినా లైటు వెలగలేదు. అవే ఇళ్లలో గోడ మీది స్విచ్చులు మాత్రం మామూలుగానే పనిచేశాయి. ఒక చోట నొక్కితే ఇంకో గదిలో లైటు వెలిగేలా నేరుగా జతచేసుకున్న ఏర్పాట్లూ చెడలేదు. పరికరాలన్నిటినీ కలిపే పెట్టె అయిన హబ్బును, ఇంటి కంప్యూటర్ మీదే నడిచే హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఇంటి నెట్‌వర్క్‌లోనే కలుపుకున్నవాళ్ల ఆటోమేషన్లు నడుస్తూనే ఉన్నాయి. జూన్‌లో కొందరు వినియోగదారులే ఆ వ్యాపారాన్ని కొని సర్వర్లు మళ్లీ నడిపించారు. పరికరాల్లో ఏ లోపమూ లేకపోయినా వారాల తరబడి వాటికి మాట అందకపోవడానికి కారణం తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

ఇంటి ఆటోమేషన్ మొదలైనప్పుడు సర్వరు ఊసే లేదు. 1975లో స్కాట్లాండ్‌లోని పికో ఎలక్ట్రానిక్స్ తయారుచేసిన ఎక్స్10 ఇంటి కరెంటు తీగల మీదే నడిచేది. ఏసీ వోల్టేజీ సున్నా దాటే క్షణంలో 120 కిలోహెర్ట్జ్ సంకేతం పంపేది. 16 హౌస్ కోడ్లు, ఒక్కోదాని కింద 16 యూనిట్ కోడ్లు, వెరసి 256 అడ్రసులు. మామూలు మాడ్యూళ్లలో ‘అందింది’ అని తిరిగి చెప్పే ఏర్పాటు లేదు కాబట్టి లైటు నిజంగా వెలిగిందో లేదో కంట్రోలర్‌కు తెలిసేది కాదు. ఏ టీవీ పవర్ సప్లయో తీగల్లోకి వదిలే నాయిస్‌కు సంకేతం గల్లంతయ్యేది. రెండో ఫేజ్ మీదున్న గదికి, సంకేతాన్ని ఫేజ్ దాటించే కప్లర్ పెడితే తప్ప సరిగా అందేది కాదు. 2000ల మొదట్లో వచ్చిన జీ-వేవ్, జిగ్‌బీ ఈ లోపాలను రేడియోతో సరిదిద్దాయి. ఆదేశం అందినట్టు జవాబు వస్తుంది, కరెంటుకు కలిపి ఉన్న దాదాపు ప్రతి పరికరమూ పక్కదానికి సందేశం అందిస్తుంది. 2010లో ఇంట్లోనే నడిచే ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌హ్యాబ్ మొదలైంది. 2013లో పౌలస్ స్కౌట్సెన్ తన ఫిలిప్స్ హ్యూ బల్బుల కోసం రాసుకున్న పైథాన్ ప్రోగ్రామే హోమ్ అసిస్టెంట్‌గా ఎదిగింది. అప్పటికి కొరత ఒక్కటే: ఇల్లు మన మాట వినదు.

ఆ కొరతను 2014 నవంబర్‌లో అలెక్సాతో వచ్చిన అమెజాన్ ఎకో స్పీకర్ తీర్చింది. 2016లో గూగుల్ హోమ్ వచ్చింది. మాటను అక్షరాల్లోకి మార్చి, అర్థం తీయగల సత్తా అప్పటి చిన్న చిప్పులకు లేదు. అందుకే పేరు పెట్టి పిలవడాన్ని గుర్తుపట్టే పని మాత్రం స్పీకర్‌లో ఉంచి, మిగతా పనంతా క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్‌లో దూరాన ఉన్న కంపెనీ సర్వర్లకు అప్పగించారు. ఆ నిర్ణయం సబబే. అయితే వినే పనితో పాటు స్విచ్చు వేసే పని కూడా క్లౌడ్‌కే పోయింది. మాట అర్థం కావాలంటే పెద్ద కంప్యూటర్ కావాలి గానీ లైటు వేయడానికి ఎన్నడూ అక్కర్లేదు. రెండింటినీ ఒకే మూట కట్టి అమ్మడంతోనే చిక్కు మొదలైంది.

‘హాల్లో లైటు ఆపు’ అన్న మాట మామూలు వైఫై బల్బు దాకా ఎలా చేరుతుందో చూడండి. ధ్వని స్పీకర్ నుంచి అసిస్టెంట్ కంపెనీ సర్వర్‌కు వెళ్తుంది. అక్కడ అది ఆదేశంగా మారి, మీరు ఖాతాలు లింక్ చేసినప్పుడు ఇచ్చిన టోకెన్‌తో (అనుమతి చీటీ లాంటిది) బల్బు కంపెనీ సర్వర్‌కు చేరుతుంది. అక్కడి నుంచి ఇంటికి తిరిగొచ్చి, రౌటర్ దాటి బల్బును తాకుతుంది. స్పీకర్‌కూ బల్బుకూ మధ్య రెండు గజాలే ఉన్నా ఇంత ప్రయాణం తప్పదు. ఇంటి ఇంటర్నెట్, అసిస్టెంట్ సర్వరు, బల్బు కంపెనీ సర్వరు, టోకెన్ గడువు... వీటిలో ఏది తప్పినా వినిపించేది దాదాపు ఒకే మాట: ‘పరికరం స్పందించడం లేదు.’ అందుకే కారణం వెతకడం అంత విసుగు. బల్బు కంపెనీ యాప్‌లో లైటు వెలిగి, మాటకు మాత్రం వెలగకపోతే ముందు ఖాతా లింకు తీసేసి మళ్లీ కలపాలి. బల్బును రీసెట్ చేయడం ఆఖరి ప్రయత్నం.

సర్వర్ ఆగితే ఏమవుతుందో చెప్పడానికి ఉదాహరణలకు కొదవలేదు. రివాల్వ్ హబ్బు కంపెనీని గూగుల్‌కు చెందిన నెస్ట్ 2014లో కొని, 2016 మే 15న సర్వర్లు ఆపేసింది. ‘జీవితకాల సబ్‌స్క్రిప్షన్’ అని చెప్పి అమ్మిన పెట్టె అది. లోపలి రేడియోలు బాగానే ఉన్నా పెట్టె పనికిరాకుండా పోయింది. 2019లో అమెరికా దుకాణాల సంస్థ లోవ్స్ నడిపిన ఐరిస్ మూతపడింది. 2020లో వింక్ అనే హబ్బు కంపెనీ అప్పటిదాకా ఉచితంగా ఇచ్చిన సేవకు నెలవారీ చందా అడిగింది. 2023లో మైక్యూ గ్యారేజీ తలుపుల కంపెనీ బయటి సాఫ్ట్‌వేర్లకు దారి మూసేయడంతో హోమ్ అసిస్టెంట్ ఆ ఇంటిగ్రేషన్‌నే (తలుపులతో కలిపే భాగాన్ని) తొలగించాల్సి వచ్చింది. కంపెనీ బతికే ఉన్నా గ్యారంటీ లేదు: 2021 డిసెంబర్ 7న, 2025 అక్టోబర్ 20న అమెజాన్ వెబ్ సర్వీసెస్‌లో తలెత్తిన అంతరాయాల్లో అలెక్సా, అమెజాన్‌దే అయిన రింగ్ డోర్‌బెల్ రెండూ తడబడ్డాయి. గోప్యత సంగతికొస్తే, కొన్ని ఎకో మోడళ్లలో రికార్డింగులు బయటికి పంపకుండా మాటను స్పీకర్‌లోనే ప్రాసెస్ చేసే ఎంపిక ఉండేది. 2025 మార్చి 28న అమెజాన్ దాన్నీ తీసేసింది.

ఇదంతా చదివి లోకల్ అంటే, అన్నీ ఇంట్లోని కంప్యూటర్‌తోనే నడిపితే, నిశ్చింత అనుకుంటే పొరపాటే. ఇక్కడ సర్వర్ నడిపేవాళ్లు మీరే. అరచేతిలో పట్టే కంప్యూటర్ రాస్‌బెర్రీ పైని మెమొరీ కార్డు మీద నడిపితే, హోమ్ అసిస్టెంట్ ప్రతి సెన్సర్ మార్పునూ డేటాబేస్‌లో రాస్తూ పోతుంది కాబట్టి కార్డు అరిగిపోతుంది. ఎస్‌ఎస్‌డీ పెట్టడం మేలు. కంప్యూటర్‌కు జిగ్‌బీ రేడియోను ఇచ్చే డాంగిల్‌ను యూఎస్‌బీ 3 పోర్టుకు నేరుగా గుచ్చితే ఆ పోర్టు వెదజల్లే నాయిస్ జిగ్‌బీ వాడే 2.4 గిగాహెర్ట్జ్ మీద పడి సెన్సర్లు ఒక్కొక్కటే జారిపోతాయి. మీటరు పొడవున్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో దూరం జరిపి, వీలుంటే యూఎస్‌బీ 2 పోర్టుకు పెట్టండి. ‘నెట్‌వర్క్ సరిగా లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి ఈ కేబులే మందు. వైఫై 1, 6, 11 చానళ్ల మధ్య సందుల్లో పడేవి జిగ్‌బీ 15, 20; వాటికి పైన పడేది 25. చానల్ మొదట్లోనే ఎంచుకోవాలి. తర్వాత మారిస్తే కొన్ని పరికరాలను మళ్లీ జతచేయాల్సి వస్తుంది. సందేశాలు అందించే బల్బులను గోడ స్విచ్చుతో ఆపేస్తే వాటి మీద ఆధారపడ్డ సెన్సర్లు దారి తప్పుతాయి. బ్యాకప్ ఇంకో చోట ఉండాలి, దాని ఎన్‌క్రిప్షన్ కీ కూడా. కీ లేని బ్యాకప్ ఉన్నా లేనట్టే. బయటి నుంచి చూసుకోవడానికి హోమ్ అసిస్టెంట్ వాడే 8123 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి, వైర్‌గార్డ్ అనే వీపీఎన్ వాడండి.

‘లోకల్’ అన్న ముద్ర కూడా నమ్మడానికి లేదు. హోమ్ అసిస్టెంట్‌లోనే బోలెడు ఇంటిగ్రేషన్లు క్లౌడ్ మీద నడుస్తాయి. ఒక్కోదాని పేజీలో లోకల్ పుష్, లోకల్ పోలింగ్, క్లౌడ్ పుష్, క్లౌడ్ పోలింగ్ అని రాసి ఉంటుంది (పుష్ అంటే మార్పును పరికరమే చెబుతుంది, పోలింగ్ అంటే మనం పదేపదే అడగాలి), కొనేముందు చూసుకోవాలి. అంతకంటే గట్టి పరీక్ష ఒకటుంది. రౌటర్‌కు బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ కేబుల్ ఒక్కటే పీకి, వైఫైని అలాగే నడవనిచ్చి, పది నిమిషాల తర్వాత ప్రతి ఆదేశాన్నీ ప్రయత్నించండి. పీకిన వెంటనే చూస్తే పాత కనెక్షన్లతో మోసపోవచ్చు. ఆ పరిస్థితిలోనే ఒక వైఫై ప్లగ్గును ఆపి మళ్లీ పెట్టి చూడండి. సర్వర్ దొరకలేదని వైఫై వదిలేసి, పదేపదే రీస్టార్ట్ అయ్యే రకాలు ఇక్కడ దొరికిపోతాయి.

కట్టిన మూట ఈమధ్యే విడిపోవడం మొదలైంది. 2019 డిసెంబర్‌లో అమెజాన్, ఆపిల్, గూగుల్ కలిసి ప్రకటించిన ప్రాజెక్టు 2022 అక్టోబర్‌లో మ్యాటర్ 1.0గా, అన్ని కంపెనీల పరికరాలకూ ఒకే భాషగా వచ్చింది. మ్యాటర్ బల్బుకు ఆదేశం ఇంటి నెట్‌వర్క్‌లోనే, ఐపీవీ6 అడ్రసుల మీద వెళ్తుంది, ఒకే బల్బును రెండు వ్యవస్థలకూ కలపొచ్చు. మొదటి యాప్‌లో షేర్ చేస్తే వచ్చే కొత్త కోడ్ గరిష్ఠంగా 15 నిమిషాలే పనిచేస్తుంది. ఫోన్, హబ్బు, బల్బు వేర్వేరు వీల్యాన్లలో (రౌటర్ విడదీసిన నెట్‌వర్క్ భాగాల్లో) ఉన్నా, పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే మల్టీకాస్ట్‌ను రౌటర్ అడ్డుకున్నా సాధారణంగా జత కుదరదు. ఒక్కటి మరవద్దు: అలెక్సాతో మ్యాటర్ బల్బు వేసినా మీ మాట ఇప్పటికీ క్లౌడ్‌కే వెళ్తుంది, చివరి మజిలీ మాత్రమే లోకల్.

వినే పనిని ఇంటికి తెచ్చే ప్రయత్నం హోమ్ అసిస్టెంట్ వైపు 2023లో జోరందుకుంది. మాటను గుర్తుపట్టడానికి విస్పర్, బదులు పలకడానికి పైపర్ అనే సాఫ్ట్‌వేర్లు. రాస్‌బెర్రీ పై 4 మీద విస్పర్‌కు ఒక్క ఆదేశానికి దాదాపు 8 సెకన్లు పట్టేది. ఈలోపు లేచి వెళ్లి స్విచ్చు వేసుకోవచ్చు. మినీ పీసీ మీద అదే పని సెకను లోపు అయిపోతుంది. 2024 డిసెంబర్‌లో సొంత మైక్ పరికరం కూడా వచ్చింది. పాటలు, వాతావరణం, అడ్డదిడ్డంగా అడిగే ప్రశ్నల విషయంలో క్లౌడ్ అసిస్టెంట్లదే ఇప్పటికీ పైచేయి.

కాబట్టి రెంటిలో ఒకటే ఉండాలని పట్టుబట్టనక్కర్లేదు. మోషన్ సెన్సర్‌తో వెలిగే లైట్లు, నీటి లీకేజీ హెచ్చరిక, తాళాలు, టైమర్లు లోకల్ వ్యవస్థలో ఉండాలి. క్లౌడ్ అసిస్టెంట్‌కు పది పన్నెండు లైట్లు, ఫ్యాన్లు మాత్రమే కనబడేలా చేస్తే చాలు. తాళాలు అసలే వద్దు. మారేటప్పుడు అసిస్టెంట్ యాప్‌లోని పాత రొటీన్లను, బల్బు కంపెనీ యాప్‌లోని షెడ్యూళ్లను తుడిచేయండి. లేకపోతే అర్ధరాత్రి ఒకటి ఆపిన లైటును ఇంకొకటి వేస్తుంది. ఏది వేసిందో లాగ్‌లో వెతికినా దొరకదు, ఎందుకంటే ఆ ఆదేశం మీ వ్యవస్థ నుంచి వచ్చిందే కాదు.