అతికించిన మలుపులు, చప్పిడి పాత్రలు: మిలిటరీ యానిమే మీద అపోహలు, వాస్తవాలు

డబ్బింగ్‌కి తెలుగు డైలాగులు రాయడం నా పని. మీరు ఒకసారి విని వదిలేసే మాటని మేం పది పదిహేనుసార్లు వెనక్కి తిప్పి వింటాం. నోరు ఎక్కడ తెరిచాడు, ఎక్కడ ఆగాడు, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు, అన్నీ చూసుకుని అంతలో ఇమిడే తెలుగు మాట వెతకాలి. అంత దగ్గరగా కూర్చున్నప్పుడు కథలో అతుకు ఎక్కడుందో, ఏ పాత్ర లోపల ఖాళీయో దాచినా దాగదు. సైన్యం, మాయాశక్తులు కలిసిన యానిమేలలో, అంటే జపాన్ బొమ్మల సిరీస్‌లలో, ఈ రెండు జబ్బులూ జంటగా వస్తాయి. నా ఉద్దేశంలో అవి రెండు జబ్బులు కావు, ఒకటే. మనిషికి కావాల్సిందేమిటో రచయిత తేల్చుకోనప్పుడు ఆ మనిషి తనంతట తను కదలడు, రచయితే వెనకనుంచి తొయ్యాల్సి వస్తుంది.

ఉదాహరణగా ఎక్కువగా 'గేట్' తీసుకుంటున్నాను. నేను రాసిన డబ్ కాదు, ప్రేక్షకుడిగా రెండుసార్లు చూసిన సిరీస్. ఏ-1 పిక్చర్స్ వాళ్లు 2015లో 12, 2016లో 12, మొత్తం 24 ఎపిసోడ్లు తీశారు. మూల నవల రాసిన తకుమి యనయ్ స్వయంగా జపాన్ ఆత్మరక్షణ దళంలో పనిచేసినవాడు. టోక్యోలోని గింజా నడిబొడ్డున ఒక ద్వారం తెరుచుకుంటుంది, అందులోంచి పాతకాలపు రోమన్ సైన్యంలాంటిది ఎగిరే డ్రాగన్లతో సహా వచ్చిపడి జనాన్ని నరుకుతుంది. తర్వాత జపాన్ సైన్యం ఆ ద్వారం దాటి అవతలి లోకంలో ఆల్నస్ గుట్ట మీద మకాం వేస్తుంది. హీరో ఇటామి 33 ఏళ్ల అధికారి, మాంగా (జపాన్ కామిక్స్) పిచ్చోడు. మిగతా సిరీస్‌ల కథలు కూడా విప్పి చెప్పాల్సి వస్తోంది కాబట్టి, చూడనివాళ్లు చూశాక ఇటు రండి.

అపోహ: ఆయుధాలు, హోదాలు, వ్యూహాలు సరిగ్గా చూపిస్తే కథ నమ్మేలా ఉంటుంది.

వాస్తవం: వివరం నిజమైతే వస్తువు మీద నమ్మకం కుదురుతుంది. జరిగేదాని మీద కుదరాలంటే అది చాలదు. గేట్‌లో ఆయుధాల విషయంలో నాకు వంక దొరకలేదు. అవతలి లోకానికి జపాన్ పాత సరుకునే పంపుతుంది, 64 మోడల్ రైఫిళ్లు, 74 మోడల్ ట్యాంకులు. అవసరమైతే అక్కడే వదిలేసి వెనక్కి వచ్చేయొచ్చని. ఎంత మంచి ఆలోచన! అన్నీ వదిలేసి పరిగెత్తాల్సిన రోజు వస్తుందేమోనన్న భయం ఆ ఒక్క ఏర్పాటులోనే ఉంది. కానీ 24 ఎపిసోడ్లలో ఆ రోజు రాదు. ఇటాలికా కోట దగ్గర వాగ్నర్ సంగీతం పెట్టుకుని హెలికాప్టర్లు దూసుకొస్తాయి, కింద కత్తులు పట్టుకున్నవాళ్లు కుప్పలుగా పడతారు. మొదటిసారి ఒళ్లు పులకరించింది. రెండోసారి ఏమీ అనిపించలేదు, ఎందుకంటే పైన ఉన్నవాళ్లలో ఎవరికీ పోయేదేమీ లేదు.

దీని పక్కన అటాక్ ఆన్ టైటన్ మొదటి సీజన్ (2013) పెట్టి చూడండి. సైనికులు నడుముకి కట్టుకుని గాల్లోకి ఎగిరే పరికరం గ్యాస్‌తో నడుస్తుంది. ట్రోస్ట్ పట్టణంలో గ్యాస్ అయిపోవస్తుంది, నింపుకునే చోటేమో మనుషుల్ని తినే టైటన్లనే రాక్షసుల మధ్య ఉంది. ముందుకెళ్తే చావు, ఉన్నచోట ఉంటే కాస్త ఆలస్యంగా చావు. అక్కడ పరికరం వివరమే మెడకి ఉరి అవుతుంది. గ్యాస్ అయిపోవడం కథకుడు అప్పటికప్పుడు తెచ్చిపెట్టిన కష్టమని ఎవరికీ అనిపించదు.

అపోహ: ఎక్కడ యాదృచ్ఛికం కనిపిస్తే అక్కడ కథ అతికించినట్టే.

వాస్తవం: కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగితే కాకతాళీయం అన్నారు. కథలో కాకి వాలకూడదని మాత్రం అనలేదు. కర్ణుడి రథచక్రం సరిగ్గా అర్జునుడి ముందే కుంగుతుంది. అంతకన్నా పెద్ద యాదృచ్ఛికం ఉందా? అయినా మన ఊళ్లలో భారతం విన్నవాళ్లెవరూ "ఇది అతికించారు" అనరు. ఆ చక్రం కుంగడం బ్రాహ్మడి ఆవు చచ్చిపోయిన రోజే మొదలైంది కనక.

కోడ్ గియాస్ (2006) 22వ ఎపిసోడ్ దీనికి సరైన పరీక్ష. హీరో లెలూష్ ఎదుటివాళ్ల కంట్లోకి చూసి ఆజ్ఞాపిస్తే వాళ్లు పాటించి తీరాలి. అతని సవతి చెల్లెలు, జపాన్‌ని ఆక్రమించిన సామ్రాజ్యపు రాకుమారి యూఫెమియా, జపనీయులతో శాంతి కోసం చెయ్యి చాస్తుంది, అతనూ మెత్తబడతాడు. తన శక్తి ఎలాంటిదో చెబుతూ, జపనీయుల్ని చంపమన్నా నువ్వు కాదనలేవని మాటవరసకి అంటాడు. సరిగ్గా ఆ మాట మీదే శక్తి అదుపు తప్పి అది నిజంగా ఆజ్ఞ అయిపోతుంది. శక్తి అదుపు తప్పే ప్రమాదం ఉందని మావో అనే పాత్ర ద్వారా ముందే చూపించారు. అంటే విత్తనం వేశారు. కానీ ఆ వాక్యం, ఆ క్షణం కలిసిరావడానికి ఏ విత్తనమూ లేదు. అతుకు కనిపిస్తుంది, ఒప్పుకుంటాను. అయినా ఆ సీన్ నాకు నిలబడింది. ఆ తప్పు నోరు జారినవాడి మెడకే చుట్టుకుంటుంది, తర్వాత అతను వేసే ప్రతి అడుగులోనూ అది ఉంటుంది.

గేట్‌లో, అవతలి లోకం అతిథులతో ఇటామి బస చేసిన హకొనె వేడినీటి సత్రం సీన్ అలా నిలబడలేదు. అమెరికా, రష్యా, చైనా మనుషులు ఒకే రాత్రి ఒకే సత్రం మీదకి వస్తారు. వాళ్లని పంపినవాళ్లకి కారణాలు ఉన్నాయి, వచ్చినవాళ్లలో మాత్రం ఒక్కడికీ ముఖం లేదు. ఇటామి వెంట ఉండే అవతలి లోకపు యోధురాలు రోరీ చేతిలో గండ్రగొడ్డలికి పని కల్పించడానికే వచ్చినట్టుంటారు.

అపోహ: పాత్ర గతం చూపిస్తే పాత్రకి లోతు వస్తుంది.

వాస్తవం: ఇది మా రైటర్లలో కూడా చాలామంది నమ్మే మాట. ఎర్రటి వెలుగులో చిన్నప్పటి ఊరు తగలబడటం, అమ్మ చెయ్యి జారిపోవడం, అక్కడికి పాత్ర 'డీప్' అయిపోయిందనుకోవడం. గతం ఆ మనిషికి ఏమైందో చెబుతుంది. ఇప్పుడేం కావాలో చెప్పదు.

దీనికి మంచి ఉదాహరణ గేట్‌లోనే ఉంది, అందుకే ఆ సిరీస్‌ని కొట్టిపారేయలేను. ట్యూకా అనే ఎల్ఫ్ జాతి అమ్మాయి ఊరిని అగ్ని డ్రాగన్ బూడిద చేసింది, తండ్రి పోయాడు. ఆ అమ్మాయి దాన్ని ఒప్పుకోలేక తండ్రి ఎక్కడో ఉన్నాడనుకుంటూ బతుకుతుంది. ఇది గతం. చాలాసేపు ఆమె ఇంతే, చూసి జాలిపడటానికి తప్ప కథలో ఆమెకి చోటు లేదు. అప్పుడు యావో వస్తుంది. ఆమె డార్క్ ఎల్ఫ్. అదే డ్రాగన్ ఇప్పుడు ఆమె వాళ్లని తింటోంది. జపాన్ సైన్యాన్ని కాళ్లావేళ్లా పడి అడుగుతుంది. ఆ చోటు ఎల్బే రాజ్యంలో ఉంది, పెద్ద బలగంతో సరిహద్దు దాటితే అది దండయాత్రే అవుతుందని పై అధికారి కుదరదంటాడు. ఆయనది తప్పు కాదు. యావోది తప్పు కాదు. ఇక యావో ఏం చేసిందో చూడండి. ట్యూకా దగ్గరికెళ్లి, నీ తండ్రి చచ్చిపోయాడు, చంపింది ఆ డ్రాగనే అని చెప్పేస్తుంది. ఆ అమ్మాయి మనసు విరిగిపోయి ఇటామినే తండ్రి అనుకోవడం మొదలుపెడుతుంది. ఇప్పుడు ఇటామి డ్రాగన్ దగ్గరికి వెళ్లక తప్పదు. యావోకి కావాల్సింది అదే.

ఒక మనిషి తనవాళ్ల కోసం ఇంకో అమాయకురాలిని చేజేతులా విరగ్గొట్టింది. కథని ఇక్కడ ఎవరూ తొయ్యలేదు. యావోకి పెద్దగా గతం చూపించలేదు, ఆ సీజన్ మొత్తానికి నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆమే.

అపోహ: శత్రువు ఎంత తెలివితక్కువవాడైతే హీరో అంత గొప్పగా కనిపిస్తాడు.

వాస్తవం: హీరో అక్కడే చప్పబడిపోతాడు. గేట్ మొదట్లో చక్రవర్తి మోల్ట్ ఓ పని చేస్తాడు. ద్వారం అవతలివాళ్లు ఎంత ప్రమాదకరమో తెలిసి కూడా, సామంత రాజుల సేనల్ని ఆల్నస్ గుట్ట మీదకి పంపి చావనిస్తాడు. తన సైన్యం బలహీనపడింది కాబట్టి రేపు ఈ సామంతులే తిరగబడతారని ఆయన లెక్క. క్రూరమైన లెక్కే, కానీ లెక్క. ఎల్బే రాజు డురాన్ ఆ గుట్ట మీద చెయ్యీ కాలూ పోగొట్టుకుని బతికి బయటపడతాడు. ఆయన్ని గుర్తుపెట్టుకోండి, డ్రాగన్ ఉన్నది ఆయన రాజ్యంలోనే. ఒక తెలివైన శత్రువు వేసిన ఎత్తు ఎన్ని ఎపిసోడ్ల తర్వాత దేనికి తగులుతుందో!

రెండో భాగంలో చక్రవర్తి మంచాన పడి, కొడుకు జోర్జాల్ చేతికి అధికారం వస్తుంది. జోర్జాల్ కొడతాడు, అరుస్తాడు, బానిసల్ని హింసిస్తాడు. ఎందుకు? చెడ్డవాడు కాబట్టి. అక్కడినుంచి కథలో ఎదురాడే మెదడు లేదు, ఇటామికి ఆలోచించాల్సిన పని కూడా లేకుండా పోయింది.

అపోహ: డబ్బింగ్‌లోనే పాత్రలు చప్పబడిపోతాయి.

వాస్తవం: చెడ్డ డబ్బింగ్ మంచి పాత్రని పాడుచేస్తుంది, అది నిజమే. కానీ లిప్ సింక్ దానికి కారణమని చాలామంది అనుకుంటారు. మామూలు టీవీ యానిమేలో నోటికి ఎక్కువగా మూడే బొమ్మలు: మూసింది, సగం తెరిచింది, పూర్తిగా తెరిచింది. మనుషుల సినిమాల్లోలా ప, బ, మ దగ్గర పెదాలు కలిశాయా అని చచ్చేంత టెన్షన్ పడక్కర్లేదు. మాట పొడవు, మధ్యలో ఆగే చోటు కుదిరితే చాలు.

అసలు ఇబ్బంది వేరే ఉంది. ఒక సిరీస్‌లో, పేరు వద్దు, దాడికి ముందురాత్రి కందకంలో ముగ్గురు సైనికులు మాట్లాడుకునే సీన్ వచ్చింది. స్క్రిప్ట్‌లో ఎడమపక్క పాత్రల పేర్ల వరస ఉంటుంది. దాని మీద కాగితం పెట్టి మూసి, ఏ మాట ఎవరిదో చెప్పగలమా అని చూడటం నాకు అలవాటు. చెప్పలేకపోయాను. ఎవరి మాట ఎవరికిచ్చినా సరిపోతోంది. ఎలాగోలా వేరు చెయ్యాలని ఒకడికి గోదావరి యాస, ఒకడికి తెలంగాణ యాస పెట్టి, మూడోవాణ్ని మామూలుగా వదిలేశాను. రికార్డింగ్‌లో ఓ కుర్ర ఆర్టిస్టు మైక్ ముందు ఆగి, "సార్, వీడికి ఏం కావాలి?" అని అడిగాడు. ఏం కావాలో తెలిస్తే గొంతు దానంతటదే వస్తుందన్నాడు. నా దగ్గర జవాబు లేదు, ఒరిజినల్‌లోనూ లేదు. మిక్సింగ్ అయ్యాక విన్నాను. మూడు యాసలు, ఒకే మనిషి.

లోపల సరుకున్న పాత్రకి తెలుగు ఎంత అచ్చివస్తుందో 'సాగా ఆఫ్ తాన్యా ది ఈవిల్' సిరీస్ (2017) చూస్తే తెలుస్తుంది. ఉద్యోగంలోంచి తను తీసేసిన మనిషే రైలు కిందకి తోసేస్తే చనిపోయిన టోక్యో ఉద్యోగి, మొదటి ప్రపంచయుద్ధంలాంటి యూరప్‌లో తాన్యా అనే అనాథ పిల్లగా పుట్టి సైన్యంలో చేరతాడు. పై అధికారుల ముందు తాన్యా తనని తాను 'షోకన్' అని చెప్పుకుంటుంది, చిన్న అధికారినని వినయంగా అనడం. మనసులో మాత్రం అందరినీ కడిగేస్తుంటుంది. పైకి "చిత్తం, తమ ఆజ్ఞ", లోపల "చచ్చాంరా దేవుడా". మీరు, నువ్వు, తమరు, ఏరా, ఇన్ని మెట్లున్న భాషలో రాసేవాడికి ఇలాంటి పాత్ర దొరకడం పండగే.

అపోహ: హీరో ఎప్పుడూ గెలుస్తుంటే అది ప్లాట్ ఆర్మరే, అంటే రచయిత హీరోకి తొడిగిన కవచమే.

వాస్తవం: తాన్యా దాదాపు ప్రతి యుద్ధమూ గెలుస్తుంది. ఆమెకి కావాల్సింది గెలుపు కాదు, వెనకెక్కడో సురక్షితమైన ఆఫీసు కుర్చీ. పై అధికారి దగ్గర మంచి పేరు కోసం మాంత్రికుల బెటాలియన్ గురించి తెలివైన సలహా ఇస్తుంది, దాన్ని నువ్వే నడుపు అంటారు. ఎవరూ చేరకూడదని ఎంపిక, శిక్షణ భరించలేనంత కఠినం చేస్తుంది, జనం తట్టుకుని నిలబడిపోతారు. గెలిచిన ప్రతిసారీ కుర్చీ ఇంకాస్త దూరం జరుగుతుంది. ఇదంతా 12 ఎపిసోడ్లలో. నిడివి సరిపోలేదన్న సాకు నాకు రుచించదు.

అపోహ: ఎవరో ఒకరిని చంపితే కథకి బరువొస్తుంది.

వాస్తవం: ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్ బ్రదర్‌హుడ్ (2009) 10వ ఎపిసోడ్‌లో హ్యూస్ అనే సైనికాధికారి చనిపోతాడు. అంతకుముందు అతను ఏం చేసేవాడు? కనిపించినవాడికల్లా కూతురి ఫోటోలు చూపించేవాడు, ఫోన్ దొరికితే చాలు పాప కబుర్లే. విసుగొచ్చేది. ఆ రాత్రి టెలిఫోన్ బూత్ దగ్గర అతని చేతిలో కత్తి ఉంది, ఎలా వాడాలో బాగా తెలుసు. ఎదురుగా ఉన్న శత్రువు రూపం మార్చుకుని అతని భార్య ముఖంతో నిలబడుతుంది. వేరెవరో అని తెలుసు. అయినా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.