సోకా పాటలో మంచి మాట కొత్తది కాదు

సోకా అంటే కరీబియన్ దేశం ట్రినిడాడ్‌లో పుట్టిన హుషారైన నృత్య సంగీతం. అక్కడ ఏటా జరిగే వీధి పండుగ కార్నివాల్‌లో, 2016లో, యువగాయకుడు ఆరన్ సెయింట్ లూయిస్ ఇంటర్నేషనల్ సోకా మోనార్క్ పాటల పోటీ గెలిచాడు. అక్కడ అందరూ అతన్ని ‘వాయిస్’ అంటారు. గెలిపించిన పాట ‘చీర్స్ టు లైఫ్’. ఎన్ని కష్టాలున్నా బతికి ఉన్నందుకు దేవుడికి దండం పెట్టుకునే పాట అది. 2017, 2018ల్లోనూ కిరీటం అతనిదే. 2018 నాటి ‘ఇయర్ ఫర్ లవ్’ ఇంకా సూటిగా, పగలు మానండి, ప్రేమతో ఉండండి అని అడిగింది. అంతకుముందు ఏడాదే, పద్నాలుగు లక్షల జనాభా కూడా నిండని ఆ దేశంలో దాదాపు 500 హత్యలు జరిగాయి.

సోకా అంటే చాలామందికి గుర్తొచ్చేది కార్నివాల్ ఊరేగింపు, లారీల మీద హోరెత్తే స్పీకర్లు, గుడ్డలు గాల్లో తిప్పుతూ గెంతే జనం. అందుకే ఇలాంటి గాయకుడు కనిపిస్తే, సోకాకు బయటినుంచి మంచి మాట తెచ్చాడన్నట్టు మాట్లాడతారు. చరిత్ర చూస్తే అలా అనబుద్ధి కాదు.

సోకాకు ఆద్యుడు గార్ఫీల్డ్ బ్లాక్‌మన్. లార్డ్ షార్టీ అన్న పేరుతో, ట్రినిడాడ్ సంప్రదాయ పాట అయిన కాలిప్సో పాడేవాడు. 1941లో దక్షిణ ట్రినిడాడ్‌లోని లెంగువాలో పుట్టాడు. చుట్టుపక్కల అంతా భారతీయ కుటుంబాలే. చెరకు తోటల్లో పనికి 1845 నుంచి 1917 వరకు మన దేశం నుంచి ఓడల్లో తీసుకెళ్లిన కూలీల వారసులు వాళ్లు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లిన భోజ్‌పురి ప్రాంతం వాళ్లు. మద్రాసు నుంచి వెళ్లిన ఓడల్లో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. పెళ్లిళ్లలో మోగే ఢోలక్, ధంటాల్ వింటూనే షార్టీ పెరిగాడు. ధంటాల్ అంటే పొడవాటి ఇనుప కడ్డీ. గుర్రపు నాడా ఆకారంలో వంచిన ఇనుప ముక్కతో దాన్ని కొడుతూ తాళం వేస్తారు. పాట ఎంత వేగం పుంజుకున్నా ఆ ఖంగుమనే శబ్దం లెక్క తప్పదు.

1962లో స్వాతంత్ర్యం వచ్చాక ఆఫ్రికన్ సంతతి వాళ్లు ఒక పార్టీ, భారతీయ సంతతి వాళ్లు మరో పార్టీ అన్నట్టుగా ఓట్లు చీలిపోయాయి. 1970లో నల్లజాతి హక్కుల కోసం సాగిన బ్లాక్ పవర్ ఉద్యమకారులు రెండు జాతులూ ఒకటి కావాలంటూ రాజధాని నుంచి చెరకు ప్రాంతం కరోనీకి ఊరేగింపుగా నడిచారు. అదే కాలంలో జమైకా రెగే, అమెరికా సోల్ సంగీతం ముందు కాలిప్సో వెలవెలబోతోంది. 1973లో షార్టీ ‘ఇంద్రాణి’ పాటలో ఢోలక్, ధంటాల్, మాండలిన్ వాడాడు. కాలిప్సోను పాడుచేస్తున్నాడని విమర్శలు వచ్చాయి. ఆయన వాద్యాలు పక్కన పెట్టాడు గానీ లయ వదల్లేదు. ఢోలక్ నడకను డ్రమ్స్, గిటార్, బేస్ మీదికి ఎక్కించాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘ఎండ్లెస్ వైబ్రేషన్స్’తో ఆ శైలి జనంలోకి వెళ్లింది. రెండు జాతులను ఒకే లయలో కలపాలన్న పట్టుదల పునాదిలోనే ఉన్న సంగీతానికి, మంచి మాట పరాయిదెలా అవుతుంది?

(1980 నాటి హిందీ సినిమా ‘కర్జ్’లో ‘ఓం శాంతి ఓం’ పాట మనలో చాలామందికి నోటికి వచ్చు. దాని మూలం షార్టీ పాడిన ‘ఓం శాంతి’. ట్రినిడాడ్‌కు వెళ్లిన మన లయ పాటై తిరిగొచ్చింది.)

అయితే షార్టీ మొదట్లో శృంగార గీతాలకే పేరుపడ్డాడు. 1977లో స్నేహితుడు, గాయకుడు మాయెస్ట్రో కారు ప్రమాదంలో చనిపోవడం ఆయన్ను కుదిపేసింది. కొన్నాళ్లకు భార్యాపిల్లలతో పిపారో అడవిలోకి కాపురం మార్చాడు. పేరు రాస్ షార్టీ ఐ అయింది. పాట దైవచింతన వైపు మళ్లింది. దానికి ‘జాము’ అని పేరు పెట్టుకున్నాడు. పిల్లలతో కలిసి ‘లవ్ సర్కిల్’ బృందంగా పాడాడు. మాదకద్రవ్యాల జోలికి పోవద్దని పిల్లలను హెచ్చరించే ‘వాచ్ అవుట్ మై చిల్డ్రన్’ 1997లో వచ్చింది. 2000 జూలైలో ఆయన కన్నుమూశాడు. తాను పుట్టించిన సంగీతం విచ్చలవిడితనానికి దారితీస్తోందన్న బాధ చివరిదాకా ఆయనలో ఉంది.

ఆ బాధకు ఆధారం మార్కెట్‌లోనే ఉంది. సోకా గాయకుడి సంపాదన చాలావరకు క్రిస్మస్ తర్వాత మొదలై, కార్నివాల్ మరునాడైన బూడిద బుధవారం నాటికి ముగిసిపోయే సీజన్ మీదే. ఫెట్‌లు, అంటే డబ్బు పెట్టి వెళ్లే పెద్ద పెద్ద పాటల పార్టీలు, ఎవరిని పిలిస్తే వాళ్లకే బతుకు. రోడ్ మార్చ్ బిరుదు, ఊరేగింపులో న్యాయనిర్ణేతల ముందు ఎక్కువసార్లు మోగిన పాటకు దక్కుతుంది. అక్కడ నిమిషానికి 160 దెబ్బల వేగంతో ‘చేతులెత్తు, గెంతు’ అనే పాటదే పైచేయి. ఆలోచింపజేసే పాటకు నిదానం కావాలి. 2005లో సోకా మోనార్క్ పోటీలో నెమ్మది పాటలకు ‘గ్రూవీ’ విభాగం పెట్టడంతో దానికి కాస్త చోటు దొరికింది. వాయిస్ పాటలకు ముగ్ధులైన శ్రోతలు ఆ దారిలో తయారైనవాళ్లే అని నా నమ్మకం.

2024లో మికల్ తేజా అనే యువగాయకుడి ‘డీఎన్ఏ’ రోడ్ మార్చ్ గెలిచింది. కార్నివాల్ మా రక్తంలోనే ఉందని గర్వంగా చెప్పే పాట అది. అదే ఏడాది హత్యలు 600 దాటాయి. డిసెంబర్ 30న ప్రభుత్వం అత్యవసర పరిస్థితి ప్రకటించింది. ఆ మరుసటి వారాల్లోనే కొత్త సీజన్ పాటలు రేడియోలో మోగాయి.