ముట్టడి కథల్లో సేనాధిపతులు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను తెలుగులో ఫాంటసీ నవలలు రాస్తాను. ఇప్పటికి మూడు కోటలు కూల్చాను, ఒకటి నిలబెట్టాను. కాగితం మీదే లెండి. కొత్తగా రాస్తున్నవాళ్ళు చదివి చెప్పమని పంపేవాటిలో ముట్టడి ఘట్టం వచ్చిందంటే నాకు ముందే తెలిసిపోతుంది: సేనాధిపతి అయితే దేవుడు, లేకపోతే వెధవ. "దాడి!" అనగానే పదివేలమంది కదులుతారు. నా మొదటి నవలలో నేనూ అదే రాశాను. తర్వాత అసలు ముట్టడుల చరిత్ర చదివితే సిగ్గేసింది.

అపోహ: సేనాధిపతి మాటే శాసనం.

ముట్టడి వేసిన సైన్యం ఒక ఉమ్మడి కాపురం. ఒక్కో సర్దారు తన మనుషుల్ని తను తెచ్చుకుంటాడు, తన గుర్రాలకు తనే మేత చూసుకుంటాడు. వాళ్ళు చస్తే పోయేది అతని బలం, అతని పరపతి. అలాంటివాడిని ముందు వరసలోకి పొమ్మంటే తల ఊపుతాడు గానీ, కదలడానికి వంద సాకులు వెతుక్కుంటాడు.

1565లో మాల్టా దీవి మీదికి ఒట్టోమన్ సుల్తాను సులేమాన్ పంపిన దండయాత్ర చూడండి. నేల మీది సైన్యం ముస్తఫా పాషాది, నౌకాదళం పియాలే పాషాది. పైగా తుర్గుత్ అనే పండిపోయిన నావికుడు వస్తాడు, ఆయన సలహా వినండి అని చెప్పి పంపారు. ఆయన వచ్చేలోపే సెంట్ ఎల్మో అనే చిన్న కోట మీద ముట్టడి మొదలైపోయింది. ఎందుకంటే ఓడలకు గాలివానల నుంచి రక్షణ ఉన్న రేవు కావాలని పియాలే పట్టు. ఆ చిన్న కోట పడడానికి దాదాపు నెల పట్టింది. తుర్గుత్ అక్కడే దెబ్బతిని చనిపోయాడు. సెప్టెంబరులో మాల్టాకు సాయంగా కొత్త సైన్యం దిగేసరికి ఒట్టోమన్లు ఓడలెక్కి వెళ్ళిపోయారు. ముగ్గురిలో ఎవరూ తెలివితక్కువవాడు కాదు. ఓడల సంగతి చూసుకునేవాడు ఓడల గురించి ఆలోచించాడు, అంతే.

మీ కథలో ఓడలకు బదులు డ్రాగన్లు ఉండొచ్చు. అవి ఎవరి చేతిలో ఉన్నాయి? వాటికి మేకల్ని ఎవరు సరఫరా చేస్తున్నారు? మీ సేనాధిపతి వాటిని "పంపండి" అనగలడా, "పంపితే బాగుంటుంది" అని మాత్రమే అనగలడా? చాలామంది రచయితలు ఈ ప్రశ్న దగ్గర ఆగనే ఆగరు.

అపోహ: రాజే స్వయంగా వస్తే అన్నీ చక్కబడతాయి.

గోల్కొండకు రండి. 1687. ఔరంగజేబు స్వయంగా వచ్చి డేరా వేశాడు. లోపల అబుల్ హసన్, మన రామదాసు కథలోని తానీషా. అప్పట్లో ఔరంగజేబును మించిన అధికారం ఉన్న మనిషి ఈ దేశంలో లేడు. అయినా దాదాపు 8 నెలలు పట్టింది.

మొదట్లోనే తెలిసింది, సొంత కొడుకు షా ఆలం లోపలివాళ్ళతో రహస్యంగా ఉత్తరాలు నడుపుతున్నాడని. కుటుంబంతో సహా బంధించారు. తర్వాత ఫిరంగుల అధికారి సఫ్ శికన్ ఖాన్‌కీ, ముట్టడి నడిపిస్తున్న ఫిరోజ్ జంగ్‌కీ పడలేదు. ఆ అసూయతో ఫిరంగులవాడు పదవి వదిలేశాడు. చక్రవర్తి కళ్ళెదుటే ఇదంతా!

మే నెలలో ఒక రాత్రి ఫిరోజ్ జంగ్ మనుషులు నిచ్చెనలు వేసి గోడ ఎక్కబోయారు. కొందరు పైకి చేరారు కూడా. ఒక ఊరకుక్క మొరిగింది, కాపలావాళ్ళు లేచారు, నిచ్చెనలు తోసేశారు. ఈలోగా ఒకాయన తొందరపడి వెళ్ళి కోట దొరికిందని చక్రవర్తికి చెప్పేశాడు, విజయ భేరి మోగించారట. లోపల తానీషా ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించాడు. నేను కల్పించి రాసి ఉంటే ఎడిటర్ కొట్టేసేవాడు.

నాకు ఇందులో కుక్క కన్నా ఆ తొందరపడ్డ మనిషి మీదే ఆసక్తి. పైవాడికి మంచి వార్త ముందు తానే చెప్పాలన్న తాపత్రయం ప్రతి శిబిరంలో ఉంటుంది. పెద్ద రాజు దగ్గర ఉన్నకొద్దీ అది పెరుగుతుంది.

వేసవి తర్వాత సొరంగాల్లో మందుగుండు పెట్టారు. లోపలివాళ్ళు ముందే పసిగట్టి మందు తీసేశారు, కొన్నిచోట్ల నీళ్ళు పోశారు. మిగిలింది పేలితే రాళ్ళు బయటివాళ్ళ మీదే పడ్డాయి. వానలు, కరువు, రోగాలు సరేసరి. ముట్టడిలో ఆకలి లోపలివాళ్ళకే అనుకోవడం కూడా అపోహే.

అపోహ: ద్రోహిని పాఠకుడు మొదటి పేజీలోనే గుర్తుపట్టాలి.

అబ్దుల్లా ఖాన్ పనీ రాత్రివేళ దిడ్డి వాకిలి తెరిస్తే గోల్కొండ పడింది. అతను అంతకుముందే కొలువులు మారిన అఫ్ఘాన్ సైనికుడు. అదే కోటలో తానీషా సేనాని అబ్దుర్ రజాక్ లారీకి కూడా ఔరంగజేబు పెద్ద పదవి ఎర వేశాడు. ఆయన ఆ ఫర్మానాను అందరికీ చూపించి చింపేశాడు. మొఘలులు లోపలికి దూరిన రోజు ఒళ్ళంతా గాయాలతో పడిపోయేదాకా పోరాడాడు. ఔరంగజేబే వైద్యుల్ని పంపి బతికించాడు. చివరికి ఆయన కూడా మొఘలు కొలువులో చేరాడు. ఈ చివరి వాక్యం రాయడానికి మన ఫాంటసీ రచయితలకు మనసొప్పదు. నాకైతే లారీ అక్కడే మనిషిగా కనిపిస్తాడు.

అపోహ: రాజముద్ర చేతిలో ఉంటే చాలు.

ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు 1323లో పడింది. అంతకుముందు ఇదే ఉలుగ్ ఖాన్, తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయినవాడు, ఒకసారి వచ్చి ముట్టడించి వెనక్కి పోయాడు. కోట పడేలా ఉన్న సమయంలో ఢిల్లీ నుంచి టపా ఆగిపోయింది. సుల్తాను చనిపోయాడని శిబిరంలో పుకారు. సర్దార్లు ఎవరి బలగంతో వాళ్ళు డేరాలు ఎత్తేశారు. యువరాజు దేవగిరికి తప్పుకోవాల్సి వచ్చింది. పుకారు ఉబైద్ అనే కవి పుట్టించాడని ఒక కథనం, యువరాజే పుట్టించాడని యాత్రికుడు ఇబ్న్ బతూతా కథనం. ఎవరు పుట్టించినా, వందల మైళ్ళ అవతల తండ్రి ఊపిరి మీద కొడుకు అధికారం ఆధారపడి ఉంది.

అపోహ: అధికారం తగ్గిస్తే హీరో చిన్నబోతాడు.

ప్రస్తుతం రాస్తున్న నవలలో మా దళవాయికి, అంటే సేనాధిపతికి, కోట గోడ మీద పూర్తి అధికారం ఇచ్చాను. ధాన్యం కొట్టు తాళం మాత్రం రాజుగారి మేనమామ దగ్గర పెట్టాను. ఆయన చెడ్డవాడు కాదు. లెక్క తప్పితే తన తల పోతుందని భయం, అందుకే సంతకం లేనిదే గింజ ఇవ్వడు. అయిదో అధ్యాయంలో దళవాయి అర్ధరాత్రి ఆ ఇంటి తలుపు కొట్టి, "మామయ్యగారూ, రేపు పొద్దున్నకు నలభై బస్తాలు కావాలి" అంటాడు. ఆయన లోపల్నుంచే "కాగితం తెచ్చావా నాయనా?" అంటాడు. నాలుగుసార్లు రాశాను ఆ సీన్. దళవాయి కత్తి తీసినట్టు రాసిన ప్రతిసారీ టెన్షన్ పోయింది. ఇప్పుడు దళవాయిని గుమ్మం ముందే కూర్చోబెట్టి, దివిటీ వెలుగులో అతని చేతే చీటీ రాయిస్తున్నాను.