జావా పడిపోయాక మందులెలా వచ్చాయి?

ఎక్కడ యుద్ధం మొదలై ఓడల దారి మూసుకుపోయినా హైదరాబాద్ మందుల కంపెనీల్లో పాత గొడవ మళ్లీ లేస్తుంది: సైనిక ఆసుపత్రులకు వెళ్లే మాత్రల ముడిసరుకు ఎక్కడిదై ఉండాలి?  ఆ గొడవ ఎందుకో మలేరియా మందు కథ చెబుతుంది, అందులో అసలు మలుపు 1942 మార్చి.

ఆ నెలలో జావా జపాన్ చేతికి చిక్కింది. మలేరియాకు వాడే క్వినైన్ సింకోనా చెట్టు బెరడు నుంచి తీస్తారు, ప్రపంచానికి కావాల్సిన ఆ బెరడులో 90 శాతం దాకా ఆ ఒక్క దీవి నుంచే వచ్చేది. నీలగిరుల్లో, డార్జిలింగ్ దగ్గర మంగ్‌పూలో మన తోటలున్నా ఆ క్వినైన్ ఏ మూలకూ చాలదు. 1943లో బర్మా సరిహద్దున గాయంతో ఆసుపత్రిలో చేరినవాడు ఒక్కడైతే జబ్బుతో వెనక్కి పంపినవాళ్లు 120 మంది, ఇది అక్కడి బ్రిటిష్ సైన్యాధిపతి జనరల్ స్లిమ్ చెప్పిన లెక్కే.

పోనీ మందు దొరికినా చేర్చేదెలా? కలకత్తాలో బ్రాడ్‌గేజ్ రైలెక్కిన పెట్టెను పార్వతీపూర్‌లో దించి మీటర్‌గేజ్ వ్యాగన్‌లోకి మార్చాలి, బ్రహ్మపుత్ర మీద వంతెన లేదు కాబట్టి వ్యాగన్లను ఫెర్రీ ఎక్కించి దాటించాలి, తర్వాత దిమాపూర్, అక్కణ్ణుంచి కొండదారిలో లారీలు. టీ తోటల కోసం వేసిన లైను అది.

అందుకే రోగిని ఇండియాకు పంపడం మానేసి చికిత్సనే ముందుకు, పోరాడే చోటికి కొన్ని మైళ్ల దూరంలోకి తెచ్చారు. క్వినైన్ బదులు మెపాక్రిన్ అనే కృత్రిమ మందు వచ్చింది. ఒళ్లు పచ్చబడుతుందని, మగతనం పోతుందని పుకార్లు లేచి జవాన్లు మింగకపోతే, స్లిమ్ ముందుగా చెప్పకుండా వాళ్లకు రక్తపరీక్షలు చేయించి ముగ్గురు కమాండర్లను తీసేశాడు. ఆ మాత్ర కూడా జర్మన్లు కనిపెట్టిందే. బ్రిటన్, అమెరికా దాన్ని సొంతంగా తయారు చేసుకోగలిగాయి కాబట్టే సైన్యం నిలబడింది.

1961లో పుట్టిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌తో హైదరాబాద్‌లోని బాలానగర్ ఆ పనే, మందును సొంతంగా తయారు చేసుకోవడమే, నేర్చుకుంది. ఇప్పుడేమో దేశం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో, అంటే మాత్రల ముడిమందుల్లో, మూడింట రెండొంతులు చైనావే. 2020లో అక్కడ లాక్‌డౌన్ పడ్డాక మార్చిలో మన ప్రభుత్వం పారాసెటమాల్ సహా 26 రకాల మందులు, ముడిమందుల ఎగుమతికి కళ్లెం వేయాల్సి వచ్చింది, ఆ నెలలోనే ముడిమందులు ఇక్కడే తయారు చేసేవాళ్లకు 6,940 కోట్ల ప్రోత్సాహక పథకం తెచ్చింది.

చవకగా వచ్చేది కొని నిల్వ పెట్టుకుంటే చాలదా అంటారు ఆసుపత్రులకు మందులు కొనేవాళ్లు. తయారీదారుల మాట వేరు. చైనా ధరకు తట్టుకోలేక ఒకసారి ముడిమందు తయారయ్యే రియాక్టర్ ఆపేస్తే పని తెలిసినవాళ్లు చెదిరిపోతారు, మళ్లీ కాలుష్య అనుమతులు, బ్యాచ్ పరీక్షలు దాటి మొదటి డ్రమ్ము బయటికి రావాలంటే ఏళ్లు పడుతుంది. నిల్వ పెట్టిన మాత్రకేమో ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. ఈ ఎక్స్‌పైరీ మాటకు కొనేవాళ్ల దగ్గర జవాబు లేదు.