హాస్టల్‌కి వెళ్తున్న మనవలకు తాతయ్య ఉత్తరం

చిరంజీవులు చిన్నా, బుజ్జీలకు తాతయ్య ఆశీస్సులు.

బ్యాగులు సర్దేశారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆవకాయ సీసా మూత ఇంకోసారి బిగించండి. ఇక అసలు విషయం, మందు గురించి.

వార్డెన్‌గా ఉన్నన్నాళ్లూ నన్ను భయపెట్టింది రోజూ తాగేవాళ్లు కాదు, మొదటిసారి తాగేవాళ్లు. ఫ్రెషర్స్ పార్టీలో ఎవడో పందెం కాస్తాడు. కుర్రాడు పరువు కోసం గటగటా ఎత్తేస్తాడు. అది రక్తంలో కలిసేందుకు టైం పడుతుంది. ఎక్కలేదనుకుని ఇంకో రెండు పోయించుకుంటాడు. లివర్ మాత్రం గంటకు సుమారు ఒక చిన్న పెగ్గే కరిగించగలదు. బుజ్జీ, ఇది మగపిల్లల గొడవనుకోకు. ఆడవాళ్ల ఒంట్లో నీటి శాతం తక్కువ, అంతే తాగినా ఎక్కువ ఎక్కుతుంది.

ఓ రాత్రి ఒంటిగంటకు నా తలుపు కొట్టారు. పైకెళ్తే ఫస్టియర్ పిల్లాడు వెల్లకిలా పడి ఉన్నాడు. చొక్కా తడిసి ముద్దయింది, నేలమీద పిండేసిన నిమ్మచెక్కలు, సగం మజ్జిగ గ్లాసు. గురక ఆగి ఆగి వస్తోంది, పెదవులు నీలంగా ఉన్నాయి. పక్కకి తిప్పగానే వాంతి చేసుకున్నాడు. అలాగే వెల్లకిలా ఉంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయేది. అంబులెన్సుకి ఫోన్ చేశాం, బతికాడు. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్లు, కాఫీ, ఏవీ మత్తు దించవు. స్పృహలో లేనివాడి నోట్లో ఏదీ పోయకూడదు.

గంటన్నర ఎందుకు ఆగార్రా అంటే, "మీకు తెలిస్తే ఇంటికి పంపేస్తారని సార్" అన్నారు. తాగితే ఇంటికి పంపేస్తానని నోటీసు అంటించింది నేనే. మర్నాడే దాని కింద ఇంకో లైను రాశాను: సాయం కోసం వచ్చి చెప్పినవాళ్లని ఏమీ అనను. పిల్లలకి అలుసిస్తున్నానని కొందరు లెక్చరర్లు గొణిగారు. గొణగనీ.

మన రెండు రాష్ట్రాల్లోనూ 21 నిండనివాళ్లకి మందు అమ్మకూడదు. తాగి బండి నడిపితే మొదటిసారికే 10 వేల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. బలవంతపెడితే "యాంటీబయాటిక్స్ వాడుతున్నా" అనండి. ఈ ఒక్క అబద్ధానికి నా పర్మిషన్ ఉంది. చేతిలో నిండు థమ్సప్ గ్లాసుంటే అసలు ఎవరూ అడగరు. దిగులుగా ఉండి తాగాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

పక్కవాడు పిలిచినా పలక్కపోతే ముందు 108, తరవాత నేను. అమ్మకి చెప్పాలా వద్దా అన్నది తెల్లారాక చూద్దాం.

తాతయ్య