కొన్న క్యాసెట్టు నుంచి ఏడాది లైసెన్సు దాకా

అమెరికా విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ఒకప్పుడు పాఠానికి కావలసిన చిత్రాన్ని క్యాసెట్టుగానో డీవీడీగానో ఒక్కసారి కొని, అది పాడయ్యేదాకా వాడుకునేవి. అలా కొన్న ప్రతిని పాఠకులకు ఎరువివ్వడానికీ, తరగతి గదిలో ప్రదర్శించడానికీ 1976 నాటి కాపీరైట్ చట్టమే వీలు కల్పించింది.

పాఠం ఇంటర్నెట్‌కెక్కాక చిక్కు మొదలైంది. డీవీడీకి వేసిన డిజిటల్ తాళాన్ని తీయడాన్ని 1998 నాటి చట్టం నిషేధించింది. దూరవిద్య కోసం 2002లో వచ్చిన టీచ్ చట్టం కథాచిత్రాల్లో సమంజసమైన, పరిమితమైన భాగాలను మాత్రమే అనుమతించింది. సినిమా నిర్మాణాన్ని బోధించే అధ్యాపకుడికి ముక్కలు చాలవన్నది నా అభిప్రాయం.

లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన డీవీడీలను పాస్‌వర్డ్ ఉన్న విద్యార్థులకు పూర్తిగా స్ట్రీమ్ చేసింది. విద్యా వీడియో సంస్థల సంఘం అభ్యంతరం చెప్పడంతో 2010 జనవరిలో ఆపి, మార్చిలో మళ్లీ మొదలుపెట్టింది. ఆ డిసెంబరులో ఆ సంఘమూ, ఆంబ్రోజ్ వీడియో సంస్థా దావా వేశాయి. కోర్టు దాన్ని 2011లో ఒకసారి, సవరించి వేసిన దావాను 2012లో మరోసారి కొట్టివేసింది. అయితే మొత్తం చిత్రాన్ని ఇలా చూపడం సముచిత వినియోగం (హక్కుదారు అనుమతి లేకుండానే వాడుకోవడానికి కాపీరైట్ చట్టం ఇచ్చే వెసులుబాటు) కిందికి వస్తుందా అన్న అసలు ప్రశ్న మాత్రం తేలలేదు.

ఆ సందిగ్ధం నడుమ లైసెన్సుల వ్యాపారం విస్తరించింది. 2008లో ఆస్ట్రేలియాలో పుట్టిన కానోపీ అనే వీడియో స్ట్రీమింగ్ సంస్థ, అమెరికా విశ్వవిద్యాలయాలకు వాడకాన్ని బట్టి కొనే పద్ధతిని చూపింది. ఒక చిత్రాన్ని అర నిమిషానికి తగ్గకుండా నాలుగుసార్లు చూస్తే చాలు, ఏడాది లైసెన్సు దానంతటదే కొన్నట్టయ్యేది. విద్యార్థులకు ఇంతకన్నా సుఖం లేదు. గ్రంథాలయానికి మాత్రం ఖర్చు చేజారిపోయేది, ఏడాది తిరిగాక చేతిలో ఏమీ మిగిలేది కాదు. అందుకే చాలా చోట్ల అధ్యాపకులు అడిగిన చిత్రాలకే లైసెన్సు తీసుకునే పద్ధతికి మారారు. కానోపీని 2021లో, గ్రంథాలయాలకు ఈ-పుస్తకాలు అందించే ఓవర్‌డ్రైవ్ సంస్థ కొనుగోలు చేసింది.

కొందరు పంపిణీదారులు ఫైలునే శాశ్వతంగా అమ్ముతారు. అప్పుడు సర్వరు, క్యాప్షన్లు, విద్యార్థుల లాగిన్ తనిఖీ అన్నీ గ్రంథాలయమే చూసుకోవాలి. భారమైనా, సేకరణ అన్న మాటకు అర్థం నిలిపేది ఇదే.

ఇక బీరువాల్లో మిగిలిన పాత క్యాసెట్లలో శిథిలమవుతున్నవాటికి సరసమైన ధరకు కొత్త ప్రతి దొరక్కపోతే నకలు తీసుకోవచ్చని కాపీరైట్ చట్టంలోని 108వ సెక్షను చెబుతోంది. కానీ ఆ డిజిటల్ నకలును గ్రంథాలయ ఆవరణ దాటించి జనానికి అందించకూడదు.